పుష్పక్ విమాన పరిణామం: రెండు సీట్ల తేలికపాటి విమాన చరిత్రలో ఒక అధ్యాయం

వ్యాససంగ్రహం:
1958లో బెంగళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ తయారు చేసిన పుష్పక్, ఇద్దరు పక్కపక్కన కూర్చునే తేలికపాటి కేబిన్ విమానం. దీని మూలాలు అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో రూపుదిద్దుకున్న అరోంకా చీఫ్ విమానంలో ఉన్నాయి. ఈ కారణంగా దీనిని కొందరు అనుకరణగా తీసివేస్తే, మరికొందరు మూలాన్ని ప్రస్తావించకుండా స్వదేశీ విజయంగా కీర్తించారు. ఈ రెండు దృష్టులూ అసంపూర్ణమని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం. 1929 నుండి 1968 వరకు ఈ విమాన వంశం పొందిన మార్పులను కాలక్రమంలో పరిశీలిస్తూ, ప్రతి దశలోనూ నిర్ణాయక శక్తిగా నిలిచినది గంట ప్రయాణానికయ్యే ఖర్చేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పుష్పక్, అరోంకా చీఫ్, ఘాటగే, హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్, ఫ్లయింగ్ క్లబ్బులు, కృషక్, స్వదేశీ సాంకేతికత.

1. ఉపోద్ఘాతం

విమాన చరిత్ర అనగానే యుద్ధ విమానాలు, జెట్ విమానాలు, ఖండాలు దాటిన సాహసయాత్రలు గుర్తుకు వస్తాయి. కానీ ఆ విమానాలను నడిపినవారిలో చాలామంది మొదట ఏదో ఒక చిన్న విమానంలో, శిక్షకుని పక్కనో వెనుకనో కూర్చుని విద్య నేర్చినవారే. అక్షరాలు దిద్దించిన పలక వంటిది ఆ చిన్న విమానం. చదువు ముందుకు సాగిన తరువాత పలకను ఎవరూ తలచుకోరు. చరిత్ర రచనలోనూ ఈ విమానాలకు దక్కిన స్థానం అంతంతమాత్రమే.

స్వాతంత్ర్యానంతర భారతదేశంలో అటువంటి విమానం పుష్పక్. సంస్థ పత్రాలలో దీని పేరు హెచ్‌యూఎల్-26. హిందుస్థాన్ అల్ట్రా లైట్ అన్న మూడు మాటల తొలి అక్షరాలకు రూపకల్పన సంఖ్య చేర్చగా ఈ పేరు ఏర్పడింది. 1958 సెప్టెంబరు 28న తొలిసారి గాలిలోకి లేచిన ఈ విమానం, తరువాతి పదేళ్లలో సుమారు 160 సంఖ్యలో తయారై దేశంలోని ఫ్లయింగ్ క్లబ్బులకు చేరింది.

దీని ఆకారాన్ని అరోంకా సూపర్ చీఫ్‌తో పోల్చి చూసినవారికి బంధుత్వం వెంటనే తెలుస్తుంది. మరి దీనిని స్వదేశీ విమానం అనవచ్చునా? ఈ ప్రశ్నకు అవుననో కాదనో చెప్పడం కంటే, ఆ రూపం ఎక్కడ పుట్టింది, ఎందుకు అలా మారింది, బెంగళూరులో దానినే ఎందుకు ఎంచుకున్నారు అన్న మూడు అంశాలను విడివిడిగా పరిశీలించడం మేలు.

2. తొలి దశ: చౌక విమానం కోసం అన్వేషణ (1928–1937)

అమెరికాలో 1928లో సిన్సినాటి నగరం కేంద్రంగా ఏరోనాటికల్ కార్పొరేషన్ ఆఫ్ అమెరికా ఏర్పడింది. ఆ పొడవైన పేరునే కుదించి అరోంకా అన్నారు. జాన్ రోషే అనే ఇంజనీరు రూపొందించిన చిన్న విమానం ఈ సంస్థ తొలి ఉత్పత్తికి ఆధారమైంది. సీ-2 అనే పేరుతో 1929లో ఎగిరిన ఆ విమానంలో ఒక్కరికే చోటు. రెండు సిలిండర్ల ఇంజన్ శక్తి 26 అశ్వశక్తి మాత్రమే. రెక్కలను తీగెలతో బిగించారు. దీని గుండ్రని ఆకారాన్ని చూసి జనం స్నానపు తొట్టెతో పోల్చారు. ధర మాత్రం సుమారు 1,500 డాలర్లు. అది ఆర్థికమాంద్యం మొదలైన కాలం. విమానం ధనికుల ఆటవస్తువుగా ఉన్న రోజులలో, మధ్యతరగతి మనిషి కూడా కొనగలనేమోనని ఆలోచించే ధర అది.

ఒక్క సీటు విమానానికి ఒక మౌలికమైన లోపం ఉంది. అందులో విద్య నేర్పడం సాధ్యం కాదు. 1931లో వచ్చిన సీ-3 ఈ లోపాన్ని సరిచేసింది. విమాన దేహాన్ని వెడల్పు చేసి ఇద్దరికి పక్కపక్కన చోటు కల్పించారు, ఇంజన్ శక్తిని 36 అశ్వశక్తికి పెంచారు. 1935 నాటి రూపంలో కేబిన్ పూర్తిగా మూసుకుంది. గాలి హోరు తగ్గి లోపలివారు మాట్లాడుకోగలిగే వీలు కలిగింది. ఇద్దరు పక్కపక్కన కూర్చునే చౌకైన మూతకేబిన్ విమానం అనే భావన అరోంకా వంశంలో ఇక్కడ స్థిరపడింది.

అయితే తీగెలతో బిగించిన రెక్కలు, ఒకే జ్వలన వ్యవస్థ గల ఇంజన్ కొత్తగా కట్టుదిట్టమైన ప్రభుత్వ భద్రతా నియమాలకు సరిపోలేదు. 1937లో సీ-3 ఉత్పత్తి ముగిసి, దాని స్థానంలో ఊతకర్రలతో రెక్కలను నిలిపిన మోడల్ కె వచ్చింది. అదే ఏడాది జనవరిలో ఒహాయో నదికి వచ్చిన వరదలో సిన్సినాటిలోని లంకెన్ విమానాశ్రయం మునిగి, అక్కడి అరోంకా కర్మాగారం తీవ్రంగా దెబ్బతిన్నది. సంస్థ 1940లో మిడిల్‌టౌన్ పట్టణానికి తరలిపోయింది.

3. చీఫ్: పక్కపక్క సీట్ల రూపం స్థిరపడడం (1938–1945)

అరోంకా అప్పటివరకు ప్రధానంగా సొంత ఇంజన్లపై ఆధారపడింది. ఇంతలో కాంటినెంటల్ సంస్థ ఎదురెదురుగా అమర్చిన నాలుగు సిలిండర్ల ఇంజన్లను మార్కెట్లోకి తెచ్చింది. ఇవి తేలికగా ఉంటాయి. ముందుకు తక్కువ అడ్డం చూపుతాయి కాబట్టి గాలి నిరోధం తక్కువ. గాలితోనే చల్లబడతాయి కనుక నీటి తొట్టె బరువు లేదు. తేలికపాటి విమాన పరిశ్రమ మొత్తం ఈ ఇంజన్ల చుట్టూ తిరిగింది. 1938లో 50 అశ్వశక్తి కాంటినెంటల్ ఇంజన్‌తో అరోంకా చీఫ్ వచ్చింది. త్వరలోనే 65 అశ్వశక్తి ఇంజన్ దాని స్థానం తీసుకుంది. 1938 నవంబరులో ఒక చీఫ్ విమానం అదనపు ఇంధనంతో లాస్ ఏంజెలెస్ నుండి న్యూయార్క్ వరకు ఎక్కడా దిగకుండా 30 గంటలకు పైగా ప్రయాణించింది. తేలికపాటి విమానాన్ని నమ్మవచ్చని ప్రజలకు చూపిన ప్రయాణం ఇది.

ఈ కాలంలో సీట్ల అమరికపై రెండు మార్గాలు ఏర్పడ్డాయి. పైపర్ కబ్ విమానంలో ఒకరి వెనుక ఒకరు కూర్చుంటారు. చీఫ్, టేలర్‌క్రాఫ్ట్ విమానాలలో పక్కపక్కన కూర్చుంటారు. మొదటి పద్ధతిలో దేహం సన్నగా ఉంటుంది, రెండు వైపులా చూపు బాగా ఆనుతుంది. రెండవ పద్ధతిలో దేహం వెడల్పై గాలి నిరోధం పెరుగుతుంది గాని, శిక్షకుడు విద్యార్థి చేతులనూ ముఖాన్నీ చూడగలడు, చిన్నగా చెప్పినా వినిపిస్తుంది, ఒకే మీటర్ల పలక ఇద్దరికీ సరిపోతుంది.

టేలర్‌క్రాఫ్ట్ ప్రస్తావన ఇక్కడ ఊరక తెచ్చినది కాదు. ఆ అమెరికా రూపాన్నే ఇంగ్లాండులో లైసెన్సుతో తయారు చేయగా క్రమంగా ఆస్టర్ అనే సైనిక పరిశీలక విమానం పుట్టింది. అది భారత సైన్యానికీ చేరింది. ఈ రెండు వంశాలు భారతదేశంలో మళ్లీ కలుసుకున్న తీరు ఏడవ విభాగంలో తెలుస్తుంది.

4. యుద్ధానంతర వెల్లువ, పతనం (1945–1951)

యుద్ధం ముగియగానే, వేలాది యుద్ధ పైలట్లు సొంత విమానాలు కొంటారని అమెరికా పరిశ్రమ ఆశించింది. అరోంకా రెండు కొత్త విమానాలను ఒకేసారి సిద్ధం చేసింది. ఒకటి ముందువెనుక సీట్ల ఛాంపియన్, రెండవది పక్కపక్క సీట్ల 11 శ్రేణి చీఫ్. రేమండ్ హెర్మ్స్ రూపకల్పనలో ఈ రెండింటికీ సుమారు 80 శాతం భాగాలు ఉమ్మడిగా ఉండేలా చూశారు. తోక భాగాలు, చక్రాల అమరిక వంటివి ఒకే అచ్చు నుండి వచ్చేవి. ఉక్కు గొట్టాలతో అతికిన దేహం, స్ప్రూస్ కొయ్య దూలాలు గల రెక్కలు, వాటిపై బిగించి పూత పూసిన గుడ్డ, తోక కింద చిన్న చక్రం, ఇవీ ఆ నిర్మాణంలోని ముఖ్యాంశాలు. పూర్తి బరువు 1,250 పౌండ్లు, అంటే సుమారు 567 కిలోలు.

కొనుగోలుదారులు ఛాంపియన్‌కే మొగ్గు చూపారు. ఆ విమానం ఏడు వేలకు పైగా అమ్ముడుపోగా, చీఫ్ అన్ని రూపాలూ కలిపి రెండు వేలు దాటాయి. 1946లో అమెరికాలో సుమారు 35 వేల పౌర విమానాలు తయారయ్యాయి. 1948 నాటికి ఆ సంఖ్య ఏడు వేల దగ్గరకు పడిపోయింది. యుద్ధకాలపు మిగులు విమానాలు చౌకగా దొరకడం, మాజీ సైనికులు విమానం కంటే ఇల్లూ కారూ ముందు కోరుకోవడం ఇందుకు కారణాలు. చీఫ్‌ను మెరుగుపరచి 85 అశ్వశక్తి ఇంజన్‌తో తెచ్చిన సూపర్ చీఫ్ ఈ పతనం మధ్యలో వచ్చింది. కొన్ని వందలు మాత్రమే తయారయ్యాయి. 1951లో అరోంకా తేలికపాటి విమానాల తయారీనే మానుకుంది.

సూపర్ చీఫ్ సాంకేతిక వైఫల్యం వల్ల ఆగిపోలేదు. ఇరవై ఏళ్ల సవరణలతో పక్వమైన ఒక రూపం, కొనేవారు లేక నిలిచిపోయింది. బెంగళూరు ఆ రూపాన్ని చేపట్టిన తీరును అర్థం చేసుకోవడానికి ఈ విషయం కీలకం.

5. బెంగళూరు నేపథ్యం (1940–1957)

హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థను 1940 డిసెంబరులో మైసూరు ప్రభుత్వ సహకారంతో పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించారు. యుద్ధకాలంలో అది అమెరికా వైమానిక దళానికి మరమ్మతు కేంద్రంగా పనిచేసింది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి అక్కడి కార్మికులకు మరమ్మతు విద్యలో మంచి నైపుణ్యం ఉంది. కొత్త విమానాన్ని సొంతంగా రూపొందించే అనుభవం మాత్రం అప్పుడప్పుడే మొదలవుతున్నది.

ఆ లోటును పూడ్చినవారిలో ప్రథములు విష్ణు మాధవ్ ఘాటగే (1908–1991). జర్మనీలోని గోటింగెన్‌లో లుడ్విగ్ ప్రాంటల్ వద్ద పరిశోధన చేసి వచ్చిన ఘాటగే, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 1942లో మొదలైన వైమానిక శాస్త్ర విభాగానికి తొలినాళ్ల సారథి. ఆయన నాయకత్వంలో రూపొందిన హెచ్‌టీ-2 శిక్షణ విమానం 1951 ఆగస్టులో ఎగిరింది. అది పూర్తిగా లోహంతో నిర్మించిన, కింది రెక్కల విమానం. వాయుసేనకు తొలి దశ శిక్షణలో అది చాలాకాలం ఉపయోగపడింది.

సైన్యం అవసరం ఇలా తీరింది గాని, పౌర ఫ్లయింగ్ క్లబ్బుల సమస్య అలాగే మిగిలింది. 1928 నుండి ఢిల్లీ, బొంబాయి తదితర నగరాలలో వెలసిన క్లబ్బులు స్వాతంత్ర్యం తరువాత ప్రధానంగా టైగర్ మాత్ విమానాలతో నడిచాయి. 1931 నాటి ఆ జోడు రెక్కల విమానంలో సీట్లు తెరిచే ఉంటాయి, ఇంజన్ 130 అశ్వశక్తి. అవి క్రమంగా పాతబడుతున్నాయి. క్లబ్బులు ప్రభుత్వ సహాయంపై ఆధారపడి నడిచేవి. హెచ్‌టీ-2 వంటి 155 అశ్వశక్తి లోహ విమానం వాటి శక్తికి మించినది. మరోవైపు రెండవ పంచవర్ష ప్రణాళిక తొలి సంవత్సరాలలోనే దేశం విదేశీ మారకద్రవ్య సంక్షోభంలో పడింది. విదేశీ విమానాలను విరివిగా దిగుమతి చేసుకునే వీలు లేదు.

6. పుష్పక్: నిర్మాణం, ఎంపికలు

ఈ నేపథ్యంలో పుష్పక్ రూపొందింది. ఉక్కు గొట్టాల దేహం, పైన అమర్చిన రెక్క, దానిని నిలిపే ఊతకర్రలు, గుడ్డ కప్పు, తోక చక్రం, పక్కపక్కన రెండు సీట్లు, ఇవన్నీ సూపర్ చీఫ్ పోలికలే. రెక్కల వెడల్పు సుమారు 11 మీటర్లు, పూర్తి బరువు సుమారు 610 కిలోలు. ఇంజన్ కాంటినెంటల్ శ్రేణిలోనే ఒక మెట్టు పైనున్న 90 అశ్వశక్తి సీ-90. స్టార్టరు గాని, జనరేటరు గాని లేని రకం అది. ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పి దానిని నడిపించాలి.

ఇంజన్ శక్తి పెరగడంలో ఔచిత్యం ఉంది. వేడెక్కిన గాలి పలుచన. ఎత్తైన ప్రదేశంలోనూ గాలి పలుచనే. పలుచని గాలిలో రెక్క తక్కువ మోస్తుంది, ప్రొపెల్లర్ తక్కువ లాగుతుంది, ఇంజన్ తన పూర్తి శక్తి చూపదు. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. మైదాన ప్రాంతాలలోని క్లబ్బులకు వేసవి ఎండలు తప్పవు. ఒహాయోలో 65 అశ్వశక్తితో హాయిగా లేచే విమానం ఇక్కడి మే నెల మధ్యాహ్నం ఇద్దరు మనుషులతో లేవడానికి కష్టపడుతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని పరిశీలించాలి. పుష్పక్ ఎగరడానికి ఏడాది ముందే, 1957 సెప్టెంబరులో, అమెరికాలో సెస్నా 150 తొలి నమూనా ఎగిరింది. అది లోహ విమానం. దానికి ముక్కు చక్రం ఉంది కాబట్టి దించడం సులువు. దాని ఇంజన్ కూడా సీ-90 నుండి ఎదిగినదే. తరువాతి కాలంలో 23 వేలకు పైగా తయారై ప్రపంచమంతటా శిక్షణ విమానంగా అది స్థిరపడింది. దానితో పోలిస్తే పుష్పక్ పుట్టుకతోనే పాతబడినదన్న విమర్శ సహజం.

ఈ విమర్శకు సమాధానం హెచ్‌టీ-2లోనే ఉంది. లోహ విమానం తయారు చేయడం తెలియక గుడ్డ కప్పిన విమానం తయారు చేసిన సంస్థ కాదు ఇది. పుష్పక్ కంటే ఏడేళ్ల ముందే అది లోహ విమానాన్ని గాలిలోకి పంపింది. పుష్పక్ రూపుదిద్దుకుంటున్న రోజులలోనే జర్మన్ ఇంజనీరు కుర్ట్ టాంక్ ఆధ్వర్యంలో అదే ప్రాంగణంలో జెట్ యుద్ధవిమానం మారుత్ రూపకల్పన సాగుతున్నది. కనుక పాత నిర్మాణ పద్ధతిని ఎంచుకోవడం అశక్తత వల్ల కాదని తేలుతుంది. గుడ్డ చిరిగితే కుట్టి పూత వేయవచ్చు, గొట్టం వంగితే కోసి కొత్త ముక్క అతకవచ్చు. ఈ పని క్లబ్ షెడ్డులో ఉన్న మెకానిక్ చేయగలడు. లోహపు రేకు నలిగితే అచ్చులు, రివెట్ పనిముట్లు, వాటిలో శిక్షణ పొందిన మనుషులు కావాలి. నేర్చుకునేవారు విమానాన్ని గట్టిగా దించడం, పక్కకు తిప్పేయడం మామూలే. శిక్షణ విమానం విలువ అది ఎంత త్వరగా మళ్లీ ఎగరగలదన్న దానిపై ఆధారపడుతుంది.

ఈ ఎంపికకు మూల్యమూ లేకపోలేదు. ఎండకూ తేమకూ గుడ్డ త్వరగా బలం కోల్పోతుంది, కొన్నేళ్లకొకసారి మార్చాలి, నిలపడానికి నీడ తప్పనిసరి. అన్నిటికంటే ముఖ్యంగా ఇంజన్ విదేశానిదే. దేహం బెంగళూరులో తయారైనా, గుండె దిగుమతి వస్తువుగానే మిగిలింది.

సీట్ల విషయంలోనూ ఒక విశేషం ఉంది. అమెరికా మార్కెట్ ఛాంపియన్‌ను మెచ్చగా, బెంగళూరు చీఫ్ మార్గాన్ని పట్టింది. అక్కడ కొన్నవారిలో సొంత పొలాల పైన ఒంటరిగా ఎగిరేవారు ఎందరో. ఇక్కడ విమానం ప్రధానంగా క్లబ్బుది, శిక్షకునిది. శిక్షకుడు పక్కన కూర్చోవడం ఈ ప్రయోజనానికి తగినది.

పేరు విషయానికి వస్తే, రామాయణ పాఠకులకు పుష్పక విమానం పరిచితమే. బ్రహ్మ కోసం విశ్వకర్మ నిర్మించిన ఆ విమానం కుబేరునికి దక్కి, రావణుని వశమై, రామునికి ఉపయోగపడి, తిరిగి కుబేరుని చేరింది. ఎందరు ఎక్కినా మరొకరికి చోటుంటుందని ప్రతీతి. ఇద్దరితో నిండిపోయే విమానానికి ఆ పేరు పెట్టడంలో కొంత చమత్కారం కనిపిస్తుంది. చేతులు మారుతూ వచ్చిన రూపానికి మాత్రం అది తగిన పేరే.

7. కృషక్: రెండు వంశాల సంగమం

పుష్పక్‌ను విస్తరించి, మరింత శక్తిమంతమైన కాంటినెంటల్ ఇంజన్ అమర్చిన విమానం 1959 నవంబరులో ఎగిరింది. కృషక్ అని పేరు పెట్టిన ఈ విమానం మొదట పౌర అవసరాలకు ఉద్దేశించినది. కొంతకాలం పక్కన పడిన తరువాత, ఫిరంగి దళాలకు గురి చూపే పరిశీలక విమానం కావాలని సైన్యం కోరడంతో ఉత్పత్తిలోకి వచ్చింది. సుమారు 70 విమానాలు తయారయ్యాయి.

కృషక్ రంగంలోకి వచ్చింది పాతబడిన ఆస్టర్ విమానాల స్థానంలో. ఆస్టర్ మూలం టేలర్‌క్రాఫ్ట్, కృషక్ మూలం అరోంకా. 1930ల అమెరికాలో ఒకే కొనుగోలుదారు కోసం పోటీపడిన రెండు చిన్న విమానాలు, ఒకటి ఇంగ్లాండు మీదుగా, మరొకటి బెంగళూరు మీదుగా ప్రయాణించి, భారత సైన్యంలో ఒకదాని తరువాత ఒకటిగా నిలిచాయి. అనుకరణ అనే మాటను ఇంగ్లాండు ఆస్టర్ విషయంలో ఎవరూ వాడరు. ఆస్టర్ బ్రిటిష్ విమానమే అయితే, పుష్పక్, కృషక్‌లకు వేరే కొలబద్ద వర్తింపజేయడం న్యాయం కాదు.

8. స్వదేశీ అన్న మాటకు అర్థం

స్వదేశీ అంటే ప్రతి గీతా ఇక్కడే గీయడమని భావిస్తే పుష్పక్ స్వదేశీ కాదు. ఆ కొలతకు ప్రపంచంలోని చిన్న విమానాలలో నిలిచేవి బహు కొద్ది. ఊతకర్రల పై రెక్క, ఉక్కు గొట్టాల దేహం, కాంటినెంటల్ ఇంజన్ అప్పటి పరిశ్రమకంతటికీ ఉమ్మడి ఆస్తి. స్వదేశీ అంటే దేశంలో తయారవడమేనని భావిస్తే పుష్పక్ నిస్సందేహంగా స్వదేశీ. కానీ ఆ నిర్వచనం ప్రకారం కేవలం జోడించి అమర్చిన వస్తువులు కూడా అదే కోవలోకి వస్తాయి.

ఈ రెండింటి మధ్య మూడవ కొలమానం అవసరం. సమస్యను ఎవరు గుర్తించారు, దానికి తగిన పరిష్కారాన్ని ఎవరు ఎంచుకున్నారు అన్నది ఆ కొలమానం. క్లబ్బుల పేదరికం, ఇక్కడి వేడి, మరమ్మతు సౌకర్యాల కొరత, మారకద్రవ్య సంక్షోభం, ఇవన్నీ ఇక్కడి సమస్యలు. వాటిని తూచి, అందుబాటులో ఉన్న పక్వమైన రూపాన్ని గ్రహించి, ఇంజన్ మార్చి, వరుసగా పదేళ్లు ఉత్పత్తి చేయడం ఇక్కడివారి నిర్ణయం. ఆ అనుభవం నుండి కృషక్ వంటి తరువాతి మెట్టు ఎక్కడమూ ఇక్కడి పనే. ఎంపికలో వివేకం కూడా రూపకల్పనలో భాగమేనని అంగీకరిస్తే పుష్పక్ స్థానం స్పష్టమవుతుంది.

అయితే ఈ వాదనను ఎక్కువగా సాగదీయరాదు. 1968 ప్రాంతంలో పుష్పక్ ఉత్పత్తి ఆగిన తరువాత దానికి సరైన వారసుడు వెంటనే రాలేదు. క్లబ్బులు క్రమంగా సెస్నా వంటి విదేశీ విమానాల వైపు మళ్లాయి. బెంగళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాల రూపొందించిన, ఇద్దరు పక్కపక్కన కూర్చునే హంస విమానం 1993లో గాని ఎగరలేదు. అంటే సుమారు పాతికేళ్ల విరామం. యుద్ధవిమానాలపై నిలిచిన దృష్టి చిన్న విమానంపై నిలవలేదు. పుష్పక్ చరిత్రలో నిజమైన లోటు దాని విదేశీ మూలం కాదు, ఈ కొనసాగింపు లేకపోవడమే.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

ఒకటి, సీ-2 నుండి పుష్పక్ వరకు ఈ వంశంలో వచ్చిన మార్పులలో అధికభాగం తక్కువ ఖర్చుతో ఎక్కువమందికి ఎగరడం నేర్పాలన్న అవసరం నుండి పుట్టినవే.

రెండు, అమెరికాలో సూపర్ చీఫ్ నిలిచిపోవడానికి కారణం మార్కెట్ పతనం. అందువల్ల దానిని గ్రహించడాన్ని విఫలమైన రూపాన్ని ఎత్తుకోవడంగా భావించరాదు.

మూడు, లోహ విమాన నిర్మాణం తెలిసిన సంస్థ గుడ్డ కప్పిన విమానాన్ని తయారు చేయడం వినియోగదారుని శక్తిని బట్టి చేసిన ఎంపిక.

నాలుగు, ఇంజన్ దిగుమతిపై ఆధారపడడం, తరువాతి రూపాన్ని సకాలంలో సిద్ధం చేయకపోవడం ఈ ప్రయత్నానికి ఉన్న పరిమితులు.

బెంగళూరులోని హెచ్‌ఏఎల్ మ్యూజియంలో నేడు పుష్పక్ ఒకటి ప్రదర్శనలో ఉంది. మారుత్ వంటి జెట్ విమానాల నడుమ అది చిన్నదిగా కనిపించడం సహజం. అయితే ఒక దేశపు విమానయానాన్ని అంచనా వేసేటప్పుడు అది ఎంత వేగంగా ఎగిరిందన్న దానితో పాటు, ఎంతమందికి ఎగరడం నేర్పిందన్నది కూడా లెక్కలోకి రావాలి. ఆ లెక్కలో పుష్పక్ చేసిన సేవ చిన్నది కాదు.